ఎమ్మెస్సీ తర్వాత మళ్ళీ బైపీసీ

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో నేను కొన్నేళ్ళు పనిచేశాను. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అవగానే దొరికిన ఉద్యోగం అది. మా గది ఆసుపత్రికి వెనకవైపు, జనరేటరుకి ఆనుకుని ఉండేది. మా దగ్గరికి మనుషులు వచ్చేవారు కాదు. వాళ్ళ రక్తం వచ్చేది, కఫం వచ్చేది, పుండు మీది చీము దూదిపుల్లకి అంటుకుని వచ్చేది. సీసా మీద పేరు, వయసు, ఆడా మగా. వాళ్ళ గురించి నాకు తెలిసేది అంతే. కల్చర్ ప్లేట్ల మీద ఏ సూక్ష్మజీవి పెరిగిందో చూసి, ఏ మందుకి లొంగుతుందో రాసి పై అంతస్తుకి పంపేదాన్ని. ఆ మనిషి బాగుపడ్డాడా, ఇంటికెళ్ళాడా అన్న సంగతి తిరిగి మా గదిదాకా వచ్చేది కాదు.

రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరి అమ్మాయి భోజనానికి వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చునేదాన్ని. ఒకరోజు నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ తన భర్త రిపోర్టు తీసుకుని కిటికీ దగ్గరి నుంచి కదల్లేదు. ఆయనకి సుగరు. కాలి మీద పుండు మానడం లేదు.

“ఇందల ఏటున్నాది తల్లీ?” అని అడిగింది.

డాక్టరు గారు చెబుతారన్నాను. ఆయన రేపు గాని రారట.

“నువ్వు సదువుకున్నదానివే గదా. నీకు తెల్దేటి?”

తెలుసు. ఆ ప్లేటు చూసింది నేనే. ఇప్పుడు వాడుతున్న మందు ఆ పుండు మీద పనిచేయదని కూడా తెలుసు. తెలుసు గానీ చెప్పకూడదమ్మా అన్నాను. పై వార్డులో నర్సుకి ఫోన్ చేసి విషయం చెబితే, సార్ రాగానే చూపిస్తానంది. నరసన్నపేట ఆవిడకి కోపం రాలేదు. మూసి ఉన్న కొట్టుని చూసినట్టు నన్ను ఓసారి చూసి, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

ఆ రోజే డాక్టరు కావాలని నిర్ణయించుకున్నానంటే వినడానికి బాగుంటుంది గానీ, అలా జరగలేదు. మర్నాడు మామూలుగానే పనికి వెళ్ళాను. కాకపోతే ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చోవాలంటే ఒళ్ళు బరువెక్కేది. రోజూ ఎవరో ఒకరు అడిగేవారు, రోజూ నేను అదే మాట చెప్పేదాన్ని. ఇంటర్లో ఉండగా ఒకసారి మెడికల్ ఎంట్రన్స్ రాసి, సీటు రాక, డిగ్రీలో చేరినదాన్ని. ఆ దారి ఎప్పుడో మూసుకుపోయిందనుకున్నాను. ఆ పరీక్షకి ఇప్పుడు వయసు అడ్డు లేదని ల్యాబులో ఎవరో మాటల మధ్య అన్నారు. ఎవరి కోసమో చెప్పిన ఆ మాట నాతో పాటు ఇంటికొచ్చింది. చాలా నెలలు నాలోనే ఉంచుకున్నాను. చివరికి ఉద్యోగం మానేశాను.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. నాన్న వరి పండిస్తాడు. పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత, అటక మీంచి దించిన నా పాత ఇంటరు పుస్తకాలు వరండాలో దులుపుతుంటే నాన్న పక్కన వచ్చి నిలబడ్డాడు.

“ఒసే, ఎమ్మెస్సీ అంటే పెద్ద సదువే గదా,” అన్నాడు. “మళ్ళీ ఇంటరు పుస్తకాలేటి?”

చెప్పాను. నీట్ అంటే ఏమిటో, సీటొస్తే ఎన్నేళ్ళు చదవాలో అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, అయితే ఇన్నాళ్ళూ సదివింది దేనికి పనికొస్తాదని అడిగాడు.  జవాబు కోసం ఎదురుచూడకుండా పొలానికి వెళ్ళిపోయాడు.

అమ్మ బాధ వేరు. అప్పటికి నాకు ఇరవై ఏడు దాటాయి. సంబంధాల వాళ్ళు, చుట్టాలు, బోరు దగ్గర ఆడవాళ్ళు అందరూ ఒకటే అడిగేవారు, పిల్ల ఏం చేస్తోందని. చదువుతోందని చెప్పేది అమ్మ. ఏం చదువుతోందని అడిగితే మాత్రం తడబడేది. ఎమ్మెస్సీ అయిపోయిన పిల్ల మళ్ళీ ఇంటరు చదువుతోందని ఎలా చెబుతుంది? ఏదో పెద్ద పరీక్షకని చెప్పి మాట మార్చేదట.  అంతవరకూ నన్ను తినడానికి అందరితో పాటు పిలిచేది, ఆ ఏడాది నుంచి కంచం నా గదిలోకే తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. చదువుకి అడ్డురాకూడదని అలా చేసేది. నాకది మరోలా అనిపించేది.

ఊడ్పుల రోజుల్లో ఊరు ఊరంతా మళ్ళల్లో ఉండేది. ఇంట్లో నేనూ, ఫిజిక్స్ పుస్తకమూ మిగిలేవాళ్ళం. జీవశాస్త్రం నాకు కష్టం కాదు. ఫిజిక్స్ మాత్రం పూర్తిగా మరిచిపోయాను. ఒక్కోసారి రోజంతా గొంతు విప్పే అవసరమే రాదని ఓ సాయంత్రం గమనించాను. అప్పటినుంచి లెక్కలు పైకి చదువుతూ చేయడం అలవాటు చేసుకున్నాను. ఎమ్మెస్సీలో నాతో చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుండేది. హైదరాబాదులో ఉద్యోగాలు, గృహప్రవేశాలు, పిల్లల మొదటి పుట్టినరోజులు. అందరికీ శుభాకాంక్షలు పెట్టేదాన్ని. నువ్వేం చేస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని భయపడేదాన్ని. ఎవరూ అడగకపోయేసరికి అదీ బాధగానే ఉండేది.

పరీక్ష శ్రీకాకుళంలో. మే నెల మధ్యాహ్నం, గేటు దగ్గర పిల్లలూ తల్లిదండ్రులూ గొడుగులూ. చెవిపోగులు, పిన్నులు తీసి తల్లుల చేతుల్లో పెడుతున్నారు ఆడపిల్లలు. నా దుద్దులు తీసి పర్సులో వేసుకుని, పర్సు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. తనిఖీ చేసే ఆవిడ నన్ను చూసి, పేరెంట్స్ బయటే ఉండాలమ్మా అంది. హాల్ టికెట్ చూపించాను. దాన్నీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, సారీ మేడమ్ అంది. అక్కడున్న వేరే పిల్ల తల్లిని అడిగి పర్సు ఆవిడకిచ్చి లోపలికి వెళ్ళాను.

సీటు రాలేదు. ఫిజిక్స్ దెబ్బతీసింది. అప్పుడు నాన్నే అన్నాడు, ఎలాగూ దిగినావు గనక సరిగ్గా దిగు అని. ఆయనే వచ్చి విజయనగరంలో లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇచ్చే ఒక హాస్టల్లో నన్ను చేర్పించాడు. చేర్పించి, కోటబొమ్మాళి వెళ్ళే పాసింజరు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు, బండి వచ్చే వైపే చూస్తూ ఉన్నాడు. ఎక్కబోతూ, “ఒంట్లో బావుండకపోతే వొచ్చీ. సీటు కోసం పేనం తీసుకోకు,” అన్నాడు.

హాస్టల్లో అందరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు. నేను గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. వార్డెన్ గారికి నాకంటే కొంచెమే వయసు ఎక్కువ. ఆవిడ నన్ను విద్యార్థినిగా ఎప్పుడూ చూడలేదు. తను బజారుకెళితే పిల్లల్ని కాస్త చూసుకోమనేది. దాంతో పిల్లలకి నేను ఆవిడ మనిషినైపోయాను. క్లాసులో ఫిజిక్స్ సారు నాకంటే చిన్నవాడు. అందర్నీ నువ్వు అనేవాడు, నన్ను మాత్రం మీరు అనేవాడు. ఆ మర్యాద వల్ల నన్ను ప్రశ్నలే అడిగేవాడు కాదు. తప్పు చెప్పి తిట్లు తినే అవకాశం ఆ గదిలో నాకొక్కదానికే లేదు.

నా గదిలో ఉన్న అమ్మాయిది పాతపట్నం. వచ్చిన మొదటి వారమంతా గోడవైపు తిరిగి ఏడ్చింది. రెండో వారం నా వైపు తిరిగి, అక్కా, నీకు ఏడుపు రాదా అని అడిగింది. ఆ హాస్టల్లో నన్ను నా గురించి అడిగిన మొదటి మాట అదే. వస్తుంది గానీ పెద్దదాన్ని కదా, సిగ్గు అన్నాను. ఆ పిల్ల నవ్వింది. అప్పటినుంచి భోజనానికి నా పక్కనే కూర్చునేది. నేను జువాలజీ, బోటనీ చెప్పేదాన్ని. తను ఫిజిక్స్ చెప్పేది. గురువుగా చాలా కఠినం.

“అక్కా, లెక్క కనబడితే దాని ఎనక ఏటున్నాదని ఆలోసించకు,” అనేది. “అది ఎమ్మెస్సీ కాదు. ఫార్ములా పెట్టేసి ఎల్లిపో.”

నాకు అదే చేతకాదు. అయినా ఆమె మాట వినడం నేర్చుకున్నాను. జీవితంలో మొదటిసారి ఫిజిక్స్ టెస్టులో మంచి మార్కులొచ్చిన రోజు నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది.

సంక్రాంతి దాటాక ఆ పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. వాళ్ళ నాన్న వచ్చేదాకా ఆసుపత్రిలో నేనే ఉన్నాను. ఆయన పాతపట్నంలో చింతపండు వ్యాపారం చేస్తాడు. ఒడిశా వైపు కొండల్లోంచి సరుకు తెచ్చి అమ్ముతాడు. నెమ్మది మనిషి. కూతుర్ని తీసుకెళుతూ, నువ్వున్నావు గనక మాకు ధైర్యమమ్మా అన్నాడు. ఆమె లేని ఆ కొన్ని వారాలూ ఎదుటి మంచం మీద చాప చుట్టి పెట్టి ఉండేది. నేను మళ్ళీ లెక్కలు పైకి చదవడం మొదలుపెట్టాను. పక్క గది పిల్లలు నన్ను చూసి నవ్వుకునేవారని తర్వాత తెలిసింది.

ఆమె నీరసంగా తిరిగొచ్చింది. తప్పిపోయిన పాఠాలన్నీ కూర్చోబెట్టి చెప్పాను. కాయితం మీద కన్ను నిలవడం లేదక్కా అనేది. ఇద్దరం ఒకే ఊళ్ళో పరీక్ష రాశాం. ఈసారి నా దుద్దులు వాళ్ళమ్మ కొంగున ముడివేసుకుంది.

ఫలితాలు వచ్చాయి. నాకు సీటు వచ్చేలా ఉంది. ఆమెకి కొద్దిలో పోయింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. కౌన్సెలింగ్ మొదలై, నాకు ప్రభుత్వ కాలేజీలో సీటు ఖాయమైంది. నాన్న ఊళ్ళో అందరికీ స్వీట్లు పంచాడు. ఆ రోజు కూడా ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. చివరికి ఒకరోజు టెక్కలి వెళ్ళి, అక్కడ పాతపట్నం బస్సెక్కాను. మెళియాపుట్టి దాటాక కొండలు కనిపిస్తుంటే ఏం మాట్లాడాలో అనుకుంటూ కూర్చున్నాను. అనుకున్న ప్రతి మాటా గెలిచినవాళ్ళు చెప్పే మాటలాగే ఉంది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాళ్ళ నాన్న ముందు గదిలో ఉన్నాడు. రా అమ్మా అని కుర్చీ వేశాడు. వాళ్ళమ్మ టీ తెచ్చి, నా చెయ్యి పట్టుకుని, సన్నగైపోయావు అంది. పక్క గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఫాను తిరుగుతున్న చప్పుడు. వాళ్ళమ్మ వెళ్ళి తలుపు కొట్టి, ఒసే, అక్క వొచ్చిందే అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలవబోతే ఆయన వద్దని సైగ చేశాడు.

చాలాసేపు వర్షాల గురించి, సరుకు గురించి మాట్లాడాడు. తర్వాత కప్పు కింద పెట్టి అన్నాడు:

“నీ మీద కోపం లేదమ్మా. దానికి కామెర్లొచ్చినపుడు నువ్వు సేసింది మా ఇంట్ల ఎవులం మర్సిపోం. కాని ఒక మాట సెప్తాను, ఏటనుకోకు. నీకు ఒక సదువు ఉన్నాది. ఉజ్జోగం కూడా సేసినావు. మా పిల్లకి ఇదే మొదలు. నీలాగ పెద్ద సదువులు సదివినోలు ఎనక్కొచ్చి రాస్తే, ఈ పిల్లలు ఏటైపోవాల?”

ఆయన గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

“నాకూ ఇదే మొదలు అనుకున్నాను బాబాయ్,” అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపి, “అవునేమో,” అన్నాడు. 

మా ఇద్దరిదీ ఒకే కేటగిరీ. నేను తప్పుకున్నా ఆ సీటు సరిగ్గా ఆమెకే చేరేదని ఎవరూ చెప్పలేరు. మా మధ్య ఇంకా చాలామంది ఉన్నారు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. ఆ గదిలో కూర్చుని అది లెక్కగట్టి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సీటు వదులుకోవాలని కూడా ఒక్క క్షణం అనిపించలేదు. ఆ రెండూ కలిసి నన్ను అక్కడ ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు. బయల్దేరుతుంటే వాళ్ళమ్మ పనసతొనలు కవరులో పెట్టి ఇచ్చింది. మూసిన తలుపు దగ్గర ఆగి, నేను వెళ్తున్నానని చెప్పాను. లోపల మంచం కదిలిన చప్పుడైంది. తలుపు తీస్తుందేమోనని ఆగాను. తీయలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. అగ్రికల్చర్ బీఎస్సీలో చేరానక్కా, అంతే. నేను పెద్ద జవాబు రాశాను. హాస్టల్ ఎలా ఉంది, ఆరోగ్యం ఎలా ఉంది, సెలవులకి మా ఊరు రా అని. తను ఒక చప్పట్ల బొమ్మ పెట్టింది. ఆ తర్వాత మేమిద్దరం పండగలకి బొమ్మలే పంపుకుంటున్నాం.

కాలేజీలో చేరడానికి అమ్మా నాన్నా ఇద్దరూ వచ్చారు. నాన్న ఆ భవనాలన్నీ తలెత్తి చూస్తూ తిరిగాడు. హాస్టల్ గదిలో అమ్మ పరుపు పరిచి, అల్మరాలో కాగితాలు వేసి, చేయడానికి ఇంకేమీ లేకపోయినా కాసేపు సర్దుతూనే ఉంది. వాళ్ళు వెళ్ళిపోయాక కింద గదిలో పిల్లలు ఒకరినొకరు పరిచయం చేసుకుంటున్న సందడి వినిపించింది. దిగి వెళ్ళాను. నన్ను చూసి ఇద్దరు లేచి నిలబడ్డారు. కూర్చోండి, నేనూ ఫస్టియరే అన్నాను. నవ్వారు, జరిగి చోటిచ్చారు. మంచి పిల్లలే. ఏ సినిమా గురించో మాట్లాడుకుంటూ, నా కోసం మధ్యలో ఆగి వివరించేవారు. వాళ్ళు అలా ఆగడం చూడలేక నిద్ర వస్తోందని చెప్పి పైకి వచ్చేశాను.

క్లాసులు మొదలైన రెండో వారంలో ఫిజియాలజీ గదిలోకి ఒక కొత్త మేడమ్ వచ్చింది. పాఠం మొదలుపెట్టి, బోర్డు నుంచి ఇటు తిరిగేసరికి ఆమె చూపు నా దగ్గర ఆగింది. నేనూ గుర్తుపట్టాను. ఇంటర్లో నా బెంచీలోనే కూర్చునేది. టెక్కలిలో రెండేళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలోంచి తిన్నవాళ్ళం. ఆ ఏడాది తనకి సీటొచ్చింది, నాకు రాలేదు. తర్వాత ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆమె ఎంబీబీఎస్ చేసి, పీజీ చేసి, ఇప్పుడు ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్. పాఠంలో ఒక మాట తప్పిపోయి, మళ్ళీ అందుకుంది.

మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచింది. తలుపు వేసి, ముందు చేతులు రెండూ పట్టుకుంది.

“ఏటే, ఇక్కడేటి నువ్వు?” అంది. అచ్చం మా ఇంటరు గొంతు.

అంతా చెప్పాను. ల్యాబు, ఇంటి దగ్గరి ఏడాది, విజయనగరం. పాతపట్నం మాత్రం చెప్పలేదు. ఆమె వింటూ వింటూ కళ్ళు తుడుచుకుంది. తనకి ఇద్దరు పిల్లలట, భర్త కూడా డాక్టరే. నేనైతే ఇప్పుడు ఫస్టియర్ చదవమంటే చదవలేనే అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది, జాలి కూడా ఉంది. రెండూ తీసుకున్నాను. ఇన్నాళ్ళ తర్వాత నన్ను ఒసే ఏటే అని పిలిచే మనిషి ఒకరు దొరికారు. ఆమె తెప్పించిన టీ చల్లారిపోయినా తాగుతూ కూర్చున్నాను.

ప్రాక్టికల్స్ వేళయింది. ఆమె లేచి, తెల్లకోటు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

“క్లాసుల మాత్రం నన్ను మేడమ్ అనాల్సి వస్తాది. పిల్లలు సూస్తారు గదా. ఏటనుకోకు.”

అనుకోవడానికేముంది అన్నాను. నిజంగానే ఏమీ అనుకోలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. వరండాలో కొంతదూరం కలిసి నడిచాం. ఎదురుగా పిల్లలు కనిపించగానే ఆమె నడక కొంచెం వేగమైంది, నాది కొంచెం తగ్గింది. ఆమె ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళింది. నేను వెనక తలుపులోంచి వెళ్ళి నా స్టూలు మీద కూర్చున్నాను. ఆమె హాజరు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో నంబరు దగ్గర ఒక్కో లేత గొంతు పలుకుతోంది. నా నంబరు వచ్చింది.

“ప్రెజెంట్ మేడమ్,” అన్నాను.

ఆమె తలెత్తకుండా టిక్కు పెట్టి, తర్వాతి నంబరు పిలిచింది.